సర్వర్లకి చోటుంది, పంతులమ్మకి లేదు

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున్నే గృహప్రవేశానికి వెళ్ళాను. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య. వర్జీనియాలో లౌడన్ కౌంటీ, అందులో ఆష్‌బర్న్. వాషింగ్టన్ డీసీ నుంచి ముప్ఫై మైళ్ళు. మూడంతస్తుల టౌన్‌హౌస్, అటూ ఇటూ గోడలు పక్కింటివాళ్ళతో ఉమ్మడి. పాలు పొంగించారు, స్మోక్ అలారం మోగకుండా దానికి ముందే ప్లాస్టిక్ కవరు చుట్టారు, సత్యనారాయణ వ్రతం అయింది. ఆ తర్వాత అన్నయ్య నన్ను పైన టెర్రస్ మీదకి తీసుకెళ్ళాడు. ఎదురుగా ఒక వరస చెట్లు, చెట్ల వెనకాల కిటికీలు లేని పెద్ద పెద్ద తెల్ల డబ్బాలు. డేటా సెంటర్లు.

"వాటి పుణ్యమేరా మనకి ఇంటి పన్ను తక్కువ" అన్నాడు. అని, అందరూ అడిగేదే అడిగాడు. "నువ్వెప్పుడు కొంటావు? ఎన్నాళ్ళురా ఆ బేస్‌మెంట్లో?"

నవ్వి ఊరుకున్నాను. కిందకి వచ్చాక భోజనాల దగ్గర మా అన్నయ్య కూతురి టీచర్ కనిపించింది. రెండో క్లాసు టీచర్. "మా ఇంటికి రావాలి" అని పిల్ల పట్టుబట్టి పిలిస్తే వచ్చిందట. పులిహోర తింటూ మాటల్లో, దగ్గర్లోనే ఉంటారా అని అడిగాను. ఆవిడ నవ్వి, వెస్ట్ వర్జీనియాలో చార్లెస్ టౌన్ దగ్గర అంది. అంటే రాష్ట్రం దాటి! రోజూ పొద్దున గంట, సాయంత్రం గంటకి పైన. లౌడన్‌లో ఇల్లు కొనే ఆలోచన ఎప్పుడో మానేశానని, అద్దెకి ఉందామన్నా రెండో జీతం లేకుండా కుదరలేదని చెప్పింది. శనివారం కూడా ఆ దారంతా డ్రైవ్ చేసుకుని వచ్చిందంటే పిల్ల మీద ఎంత ప్రేమో.

ఆ రోజు నుంచి ఈ విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లౌడన్ కౌంటీకి డబ్బు కొరత లేదు, భూమి కొరత కూడా చాలామంది అనుకున్నంత లేదు. ఉన్న కొరతల్లా చిన్న ఇళ్ళు కట్టనివ్వడానికి మనసు. ఆ మనసు లేనివాళ్ళలో ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళం కూడా ఉన్నాం.

ముందు కౌంటీ గురించి కొంచెం చెప్పాలి. 1990 సెన్సస్‌లో లౌడన్ జనాభా 86 వేలు. 2020లో 4 లక్షల 21 వేలు. ముప్ఫై ఏళ్ళలో దాదాపు అయిదు రెట్లు. అంతకుముందు ఇది పాడి పశువులు, గుర్రాలు, మొక్కజొన్న చేల ఊరు. 1962లో డల్లస్ ఎయిర్‌పోర్ట్ వచ్చింది. 1990లలో ఏఓఎల్ తన హెడ్డాఫీసుని ఇక్కడికి మార్చింది. అప్పట్లో ఇంటర్నెట్ కంపెనీలు తమ నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలుపుకునే చోటు ఈ ప్రాంతంలోనే ఉండటంతో, 1990ల చివర్లో ఈక్వినిక్స్ లాంటివాళ్ళు ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు పెట్టారు. ఫైబర్ ఉన్నచోటికి సర్వర్లు, సర్వర్లు ఉన్నచోటికి ఇంకా ఫైబర్. ఇప్పుడు ఒక్క ఈ కౌంటీలో దాదాపు 200 డేటా సెంటర్లున్నాయి. ప్రపంచంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని ఉన్న చోటు ఇంకోటి లేదంటారు. మనం హైదరాబాద్‌లో కూర్చుని ఒక బటన్ నొక్కినా ఆ రిక్వెస్ట్ చాలాసార్లు ఈ తెల్ల డబ్బాల్లోకే వస్తుంది.

జనం సంగతికొస్తే అయిదో వంతు ఆసియా వాళ్ళే. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్ వైపు సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే తెలుగు వినిపించని వీధి ఉండదు. వేసవిలో తల్లిదండ్రులు వస్తారు కదా, పార్కు బెంచీల మీద గుంటూరు, కరీంనగర్, కడప అన్నీ పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకుంటుంటాయి :)

ఆదాయం సంగతి చెప్పనక్కర్లేదు. కుటుంబాల మధ్యస్థ ఆదాయంలో చాలా ఏళ్ళుగా అమెరికా మొత్తం మీద మొదటి వరసలో ఉన్న కౌంటీ ఇది. 2023 నాటి సెన్సస్ అంచనాల్లో ఆ ఆదాయం 1,70,000 డాలర్లు దాటింది. మరి ఇంత డబ్బున్న చోట ఇల్లు ఒక సమస్య ఎందుకవుతుంది?

లెక్క వేసి చూద్దాం. మనకి అలవాటైన పనే కదా. 2024లో లౌడన్‌లో అమ్ముడైన ఇళ్ళ మధ్యస్థ ధర ఏడు లక్షల డాలర్లు దాటి ఏడున్నర దగ్గర్లో ఉంది. ఏడున్నర అనే అనుకోండి. 20 శాతం, అంటే లక్షన్నర డౌన్ పేమెంట్ కట్టారనుకుందాం. మిగిలిన 6 లక్షలు ముప్ఫై ఏళ్ళ అప్పు. వడ్డీ ఆరున్నర శాతం వేసుకుంటే నెలకి 3,792 డాలర్లు. ఇంటి పన్ను నెలకి 500. దాని మీద ఇన్సూరెన్సు, హెచ్‌ఓఏ ఫీజు. మొత్తం 4,500 పైమాటే. బ్యాంకులు పాతకాలం నుంచీ చెప్పే సూత్రం, ఇంటి ఖర్చు ఆదాయంలో 28 శాతం మించకూడదని. ఆ లెక్కన ఏటా 1,93,000 సంపాదించాలి. అంటే అమెరికాలోకెల్లా ధనిక కౌంటీల్లో ఒకటైన చోట, మధ్యస్థ కుటుంబం మధ్యస్థ ఇల్లు కొనడానికి తడుముకోవాలి!

ఇంక టీచర్ సంగతి చూడండి. కొత్తగా చేరిన టీచర్ జీతం ఏటా అరవై వేల పైచిలుకు. ఆదాయంలో 30 శాతం అద్దెకి అనుకున్నా నెలకి 1,550 దగ్గర. ఆష్‌బర్న్‌లో రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్ అద్దె రెండున్నర వేల దరిదాపుల్లో ఉంటుంది. చార్లెస్ టౌన్ ఎందుకో ఇప్పుడర్థమైంది కదా.

ధరలు ఇలా ఎందుకున్నాయని అడిగితే చాలామంది "వడ్డీ రేట్లు" అంటారు. అందులో నిజముంది. 2021 జనవరిలో ముప్ఫై ఏళ్ళ అప్పు సగటు వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది, చరిత్రలోనే అతి తక్కువ. 2023 అక్టోబర్లో అదే 7.79 అయింది. 2025లో కూడా ఆరు, ఏడు శాతం మధ్యనే తిరిగింది. అదే 6 లక్షల అప్పుకి 2.65 దగ్గర నెలకి 2,418 కట్టాలి. 7 శాతం దగ్గర 3,992 కట్టాలి. అప్పుడు తక్కువ వడ్డీకి కొనుక్కున్నవాడు, ఇల్లు చాలకపోయినా, ఎక్కువైపోయినా కదలడు. ఎందుకు కదులుతాడు? ఇల్లు అమ్మితే ఆ వడ్డీ రేటుని కూడా వదులుకోవాలిగా! దాంతో అమ్మకానికొచ్చే ఇళ్ళు తగ్గిపోయాయి. 2025లో ఫెడరల్ ఉద్యోగాల కోతలు మొదలయ్యాక ఈ ప్రాంతంలో ఇళ్ళు మార్కెట్లో ఎక్కువ రోజులు ఉండటం మొదలైంది కానీ, ధరలైతే కూలిపోలేదు.

కానీ వడ్డీ రేట్లు దేశమంతటికీ ఒకటే. లౌడన్‌కి ప్రత్యేకమైన కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, భూమి. కౌంటీ మొత్తం భూమిలో దాదాపు మూడింట రెండు వంతులు పడమటి వైపు 'రూరల్ పాలసీ ఏరియా'. అక్కడ మూల నియమం ప్రకారం కొన్ని చోట్ల ఇరవై ఎకరాలకి ఒక ఇల్లు, కొన్ని చోట్ల నలభై ఎకరాలకి ఒక ఇల్లు. ఇళ్ళన్నీ ఒక మూలకి చేర్చి కట్టి మిగతాది ఖాళీగా వదిలేస్తే ఇంకొన్నిటికి అనుమతిస్తారు. ఈ నియమాల కోసం పెద్ద గొడవే జరిగింది. 2003లో పెట్టిన ఆంక్షల్ని, నోటీసు సరిగ్గా ఇవ్వలేదన్న కారణంతో వర్జీనియా సుప్రీం కోర్టు 2005లో కొట్టేసింది. కౌంటీ 2006లో మళ్ళీ పెట్టుకుంది. దీనికి నేను వ్యతిరేకిని కాను. లీస్‌బర్గ్ దాటాక ఆ కొండలు, రాతి గోడలు, గుర్రాలు చూస్తే అవి అలాగే ఉండాలనిపిస్తుంది. అక్కడ ఇళ్ళు పరిస్తే రోడ్లు, నీళ్ళ పైపులు, స్కూలు బస్సులు అన్నీ అంత దూరం ఈడ్చుకెళ్ళాలి. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి. మూడింట రెండొంతులు తాళం వేశాక, మిగిలిన ఒక్క వంతులోనైనా తలుపు బార్లా తెరవాలి కదా? అదీ తెరవలేదు.

రెండోది డేటా సెంటర్లు. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. కౌంటీ దృష్టిలో ఒక ఇల్లు అంటే ఖర్చు. ఇంట్లో పిల్లలుంటారు, పిల్లలకి స్కూలు కావాలి, కౌంటీ బడ్జెట్‌లో పెద్ద ముక్క స్కూళ్ళదే. డేటా సెంటర్‌కి పిల్లలుండరు. పొద్దున ఎనిమిదింటికి రోడ్డెక్కదు. లైబ్రరీకి రాదు, సాకర్ గ్రౌండ్ అడగదు. పైగా దాని లోపలి కంప్యూటర్ల మీద ఏటా పన్ను కడుతుంది, మూడు నాలుగేళ్ళకోసారి పాత మిషన్లు తీసేసి కొత్తవి పెట్టి మళ్ళీ కడుతుంది. ఏటా వందల మిలియన్ల డాలర్లు ఇలా వస్తాయి. అంటే కౌంటీ లెక్కల పుస్తకంలో ఆదర్శ పౌరుడు సర్వరే!

ఆ ఆదర్శ పౌరుడు భూమి కోసం ఎంతైనా పెడతాడు. ఇక్కడ డేటా సెంటర్ స్థలం ఎకరం పది లక్షల డాలర్లు ఎప్పుడో దాటేసి చాలా పైకి పోయింది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని మనందరం నోళ్ళు తెరిచాం, గుర్తుందిగా. కోకాపేటలో ఆ ఎకరం మీద కనీసం ఆకాశాన్నంటే ఫ్లాట్లు కడతారు, మనుషులుంటారు. ఇక్కడ ఆ రేటు పెట్టి కొన్న స్థలంలో ఇళ్ళుండవు. ఆ ధరకి కొని టౌన్‌హౌసులు కడదామనుకునే బిల్డర్ పోటీలో నిలబడలేడు.

మరి పన్ను తగ్గింది కదా, అది అందరికీ లాభమేగా అంటారు. మా అన్నయ్య మాటా అదే. తగ్గిన మాట నిజం. 2010ల మొదట్లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకి 1.20 పైన ఉన్న రేటు 2025లో 0.805కి దిగింది. పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో అదే ఏడాది 1.12. ఏడున్నర లక్షల ఇంటి మీద ఏటా దాదాపు 2,400 డాలర్ల తేడా. నెలకి 200 అనుకోండి. బాగానే ఉంది. ఇప్పుడు ఇల్లు కొనేవాడు ఏం చూస్తాడు? నెలకి మొత్తం ఎంత కట్టగలను అని చూస్తాడు. పన్నులో 200 మిగిలితే ఆ 200 అప్పు వాయిదాకి పెడతాడు. ఆరున్నర శాతం వడ్డీకి నెలకి 200 అంటే దాదాపు ముప్ఫై వేల డాలర్ల అదనపు అప్పు. అంటే పోటీ ఉన్న మార్కెట్లో ఇంటి ధర ఆ ముప్ఫై వేలూ పెరుగుతుంది. పన్ను తగ్గింపు చివరికి ఎవరి జేబులోకి వెళ్ళిందన్నమాట? అప్పటికే ఇల్లున్నవాడి జేబులోకి. కొత్తగా కొనేవాడికి చెయ్యి మారింది తప్ప బరువు తగ్గలేదు. అద్దెకున్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, పన్ను తగ్గిందని అద్దె తగ్గించిన ఓనర్ని నేనైతే ఇంతవరకూ చూడలేదు.

డేటా సెంటర్ల మీద నాకు కోపం లేదు. వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్ రాసే బతుకుతున్నాను, కోపం తెచ్చుకుంటే కృతఘ్నత అవుతుంది. కానీ ఇప్పుడు అవి ఇళ్ళ మధ్యకొచ్చేశాయి. 2022 వేసవిలో కరెంటు కంపెనీయే చేతులెత్తేసింది, తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకి సరిపడా విద్యుత్తు మోసుకొచ్చే లైన్లు లేవు, కొన్నేళ్ళు ఆగాలని. ఆ లైన్లు వెయ్యాలంటే ఎక్కడి నుంచి వెయ్యాలి? 'గోల్డెన్ టు మార్స్' అనే హైటెన్షన్ లైను ఆష్‌బర్న్‌లో ఇళ్ళ పక్క నుంచే ప్రతిపాదించారు. భూమిలోపల వెయ్యండి మహాప్రభో అని 2025లో అక్కడి జనం మొత్తుకున్నారు. అందులో మనవాళ్ళు చాలామంది. అదే ఏడాది మార్చిలో కౌంటీ బోర్డు, డేటా సెంటర్లకి ఆటోమేటిక్‌గా అనుమతి దొరికే పద్ధతి తీసేసి, ప్రతి కొత్తదానికీ బహిరంగ విచారణ ఉండాలని నిర్ణయించింది. మంచి పనే, కానీ ఊరు నిండిపోయాక.

మూడోది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది, మెట్రో. డీసీ మెట్రో సిల్వర్ లైను లౌడన్‌కి రావాలా వద్దా అని 2012లో కౌంటీ బోర్డు ఓటింగ్ పెడితే 5-4 తేడాతో గట్టెక్కింది. ఒక్క ఓటు! కట్టడం ఏళ్ళ తరబడి ఆలస్యమై చివరికి 2022 నవంబర్ 15న రైలొచ్చింది. ఎయిర్‌పోర్ట్ కాక లౌడన్‌కి రెండు స్టేషన్లు. అందులో ఒకటి లౌడన్ గేట్‌వే. విమానాల రొద ఎక్కువుండే జోన్‌లో ఇళ్ళు కట్టకూడదన్నది కౌంటీ నియమం. ఈ స్టేషన్ సరిగ్గా ఆ జోన్‌లో ఉంది. కాబట్టి దాని చుట్టూ మనుషులుండరు, డేటా సెంటర్లుంటాయి. మొత్తం మెట్రోలో అతి తక్కువమంది ఎక్కే స్టేషన్లలో అదొకటి కావడంలో ఆశ్చర్యమేముంది? సర్వర్లు రైలెక్కవు కదా.

రెండోది, లైను చివరిది, ఆష్‌బర్న్ స్టేషన్. ఇక్కడ ఇళ్ళు కట్టొచ్చు. ఉత్తరం వైపు కొన్ని అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, ఒక సినిమా హాలు ఉన్నాయి కూడా. కానీ వందల కోట్ల డాలర్లు పెట్టి తెచ్చిన రైలు పక్కన ఉండాల్సినంత ఊరు లేదు. కార్లు పెట్టుకునే గ్యారేజీలు మాత్రం దిట్టంగా ఉన్నాయి. ఇంకో దారి ఉందిగా అంటారేమో, డల్లస్ గ్రీన్‌వే అనే ప్రైవేటు రోడ్డు. 1995లో తెరిచిన పద్నాలుగు మైళ్ళ టోల్ రోడ్డు. 2024 నాటికి రద్దీ వేళల్లో ఒక్కవైపుకి 5.80 డాలర్లు. దాన్ని 8.10 చేస్తామని కంపెనీ అడిగితే ఆ ఏడు రాష్ట్ర కమిషన్ కుదరదంది. ఏదేమైనా, కారు లేకుండా ఈ కౌంటీలో పాల ప్యాకెట్ తెచ్చుకోవడం కూడా కష్టం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని అడగండి, ఆర్నెల్లు ఇంట్లో బందీలం అంటారు.

కౌంటీకి ఇవన్నీ తెలియవా అంటే తెలుసు. 2021 సెప్టెంబర్లో ఇళ్ళ కొరత మీద ఒక ప్రణాళిక ఆమోదించారు. 2040 కల్లా అందుబాటు ధరల్లో 16,000 ఇళ్ళు అన్నది లక్ష్యం. 1990ల నుంచీ ఇంకో పథకం ఉంది, పెద్ద ప్రాజెక్టు కట్టే బిల్డర్ కొంత శాతం ఇళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళకి కేటాయించాలి. కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ ప్రతి ప్రాజెక్టూ విచారణకి రావాలి, విచారణకి జనం రావాలి. ఎవరొస్తారు? ఆ ఇంట్లో రేపు ఉండబోయేవాడు రాడు, వాడింకా చార్లెస్ టౌన్‌లో ఉన్నాడు, వాడికి ఇక్కడ ఓటు కూడా లేదు. వచ్చేది పక్కింట్లో ఇప్పటికే ఉన్నవాళ్ళు.

ఇక్కడే మన గురించి మాట్లాడుకోవాలి. ఆమధ్య దగ్గర్లో అపార్ట్‌మెంట్లు వస్తాయని ఒక వార్త రాగానే, ఒక కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో నాకు వచ్చిన మెసేజీలు ఇంకా గుర్తున్నాయి. "స్కూలు రేటింగ్ పడిపోతుంది", "ట్రాఫిక్ చచ్చిపోతాం", "ఇళ్ళ విలువ పోతుంది", "అద్దెవాళ్ళొస్తే వాతావరణం పాడవుతుంది". ఆఖరిది రాసినాయన నాలుగేళ్ళ క్రితం దాకా అదే వీధిలో అద్దెకున్నాడు!

ఒక్కొక్కటీ చూద్దాం. స్కూళ్ళు: లౌడన్ స్కూళ్ళలో మొత్తం పిల్లలు 80 వేల పైన. 2019 తర్వాత ఆ సంఖ్య పెద్దగా పెరగలేదు. కొన్ని స్కూళ్ళు కిక్కిరిసిన మాట నిజమే, కానీ కౌంటీ మొత్తం పొంగిపొర్లట్లేదు. చిన్నపిల్లలున్న కుటుంబాలు కొనగలిగే ధరలు లేకపోతే క్లాసులు మెల్లగా ఖాళీ అవుతాయి కూడా. ట్రాఫిక్: టీచర్, నర్సు, ప్లంబర్, మన గ్రోసరీ స్టోర్లో కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడు, వీళ్ళంతా నలభై మైళ్ళ అవతలి నుంచి కార్లలో వస్తుంటే ట్రాఫిక్ తగ్గుతుందా పెరుగుతుందా? రూట్ 9, రూట్ 7 మీద పొద్దున్నే కనిపించే ఆ లైట్ల వరస మన వద్దన్న ఇళ్ళే. విలువ: అవును, ఇళ్ళు ఎక్కువైతే ధరలు అంత జోరుగా పెరగకపోవచ్చు. కానీ ఇంటి ధర ప్రతి ఏడూ జీతం కన్నా ఎక్కువ పెరగాలని కోరుకుంటూ, మన పిల్లలు రేపు మన దగ్గర్లోనే ఉండాలని కోరుకోవడం, రెండూ ఒకేసారి జరగవు. పైగా ధరలు పెరగడమే తప్ప తగ్గవన్న నమ్మకం కూడా ప్రమాదమే. 2007, 2008ల్లో ఇదే కౌంటీలో, ముఖ్యంగా స్టెర్లింగ్ వైపు, బ్యాంకులు ఇళ్ళు స్వాధీనం చేసుకున్న రోజులు చూసినవాళ్ళు ఇంకా ఇక్కడున్నారు.

ఈ మాటలే కొంచెం మెత్తగా అన్నయ్యతో అన్నాను. "నేనూ పదేళ్ళు అద్దె కట్టి కట్టి వచ్చినవాణ్ణేరా. ఉన్నదంతా ఈ ఇంట్లో పెట్టా. పక్కన ఏదో వచ్చి దీని విలువ పోతే నా గతేంటి?" అన్నాడు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. ఆయనది హెచ్-1బీ. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులు. గ్రీన్ కార్డు లైన్లో 2012, 2013ల్లో అప్లై చేసిన భారతీయుల వంతు 2025లో నడిచింది, ఆయన ఇంకా చాలా వెనకాల ఉన్నాడు. దేశంలో ఉండనిస్తారో లేదో తెలియని మనిషికి ఆ ఇల్లొక్కటే కాళ్ళ కింద గట్టి నేల. అది కదులుతుందంటే భయమేస్తుంది. కానీ అన్నయ్యా, ఆ భయం తెలిసినవాళ్ళం కాబట్టే తలుపు అవతల నిలబడ్డవాడి బాధ మనకే ఎక్కువ తెలియాలి. రైల్లో జనరల్ బోగీ ఎక్కేదాకా "జరగండి బాబూ జరగండి" అని, ఎక్కాక తలుపు దగ్గర అడ్డం నిలబడి "ఖాళీ లేదు" అనే మనిషిని మనం చిన్నప్పుడు ఎంత తిట్టుకున్నాం!

మరేం చెయ్యాలంటావు అంటే, నాకు తోచినవి మూడు. ఒకటి, ఆష్‌బర్న్ స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో కట్టే ప్రతి ప్రాజెక్టులో చిన్న ఇళ్ళకి పెద్ద పీట వెయ్యాలి. అక్కడ పొలాలు పోవు, అడవులు పోవు. రెండు, డేటా సెంటర్ల డబ్బు మొత్తాన్ని పన్ను రేటు తగ్గించడానికే వాడకుండా, అందులో ఒక స్థిరమైన భాగం టీచర్లు, పోలీసులు, ఫైర్ సిబ్బంది ఉండగలిగే ఇళ్ళకి కేటాయించాలి. రేటు మరో రెండు సెంట్లు తగ్గకపోతే ఏడున్నర లక్షల ఇంటి ఓనరుకి పోయేది ఏటా 150 డాలర్లు. రెండుసార్లు రెస్టారెంట్‌కెళ్తే అయిపోయే డబ్బు. మూడు, బేస్‌మెంట్లు. మనలాంటి కుర్రాళ్ళు వందలమంది ఇవాళ ఎక్కడుంటున్నారు? ఎవరో ఒక తెలుగువాళ్ళ బేస్‌మెంట్లో, నోటి మాట మీద, అగ్రిమెంటు లేకుండా, హెచ్‌ఓఏకి తెలియకుండా. తప్పించుకోవడానికి సరైన కిటికీ కూడా లేని గదుల్లో ఉన్నవాళ్ళు నాకు తెలుసు. దాన్ని దొంగచాటు వ్యవహారంలా కాకుండా, రెండో దారి, సరైన కిటికీ, అలారం పెట్టించి చట్టబద్ధంగా అద్దెకివ్వడం సులువు చేస్తే, ఒక్క ఇటుక కొత్తగా పేర్చకుండానే ఎంతోమందికి చోటు దొరుకుతుంది. ఓనరుకీ వాయిదాలో కొంత గట్టెక్కుతుంది.

ఇంటివైపు వాళ్ళకి కూడా ఒక మాట. 2025 అక్టోబర్లో గూగుల్ విశాఖపట్నంలో పెద్ద డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు అన్నారు. సంతోషమే. కానీ ఆ సందడిలో ఒక్క ప్రశ్న ముందే అడగండి, వచ్చే డబ్బుతో ఎవరికి చోటు కల్పిస్తారు అని. లౌడన్ ఆ ప్రశ్న ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అడుగుతోంది.

బతకడానికి మంచి ఊరు అని ఏటా ఎవరో ఒకరు లిస్టులు వేస్తారు. ఆదాయం, స్కూలు రేటింగులు, నేరాలు, పార్కులు. వాటన్నిటిలో లౌడన్‌కి మంచి మార్కులే వస్తాయి. నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పే మనిషి ఆ ఊళ్ళో ఉండగలదా? ఉండలేకపోతే మిగతా మార్కులన్నీ నాకు అనుమానమే.

ఇంతకీ నేను కొంటానా? కొంటానేమో, చెప్పలేను. ఇంకో రెండేళ్ళు బేస్‌మెంటే. కొన్నాక నేను కూడా ఆ వాట్సాప్ గ్రూపులో "ట్రాఫిక్ చచ్చిపోతాం" అని రాస్తానేమో అని భయం మాత్రం ఉంది. రాస్తే ఎవరైనా ఇది నాకు చూపించండి.

ఆ రోజు వ్రతం భోజనాలయ్యాక టీచర్ తొందరగానే బయల్దేరింది. శనివారం మధ్యాహ్నం వైనరీలకెళ్ళే కార్లతో రూట్ 9 నిండిపోతుందట, చీకటి పడేలోపు ఇంటికి చేరాలంది. మా వదిన తాంబూలం ఇచ్చి, పులిహోర డబ్బాలో పెట్టిచ్చింది. పిల్ల కారు దాకా వెళ్ళి చెయ్యి ఊపి వచ్చి, వాళ్ళమ్మని అడిగింది.

"అమ్మా, మిస్ మన వీధిలోనే ఎందుకు ఉండదు?"

మేమెవ్వరం సమాధానం చెప్పలేదు. టెర్రస్ వెనకాల ఆ తెల్ల డబ్బాల ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.